ఇంట్లో వైఫై ఏ మూల అందడం లేదు? ఫోన్‌తోనే తేల్చుకునే పద్ధతి

వైఫై సరిగా రావడం లేదంటే మనవాళ్లు ఎక్కువగా చేసేవి రెండే పనులు. నెట్ వాళ్లకు ఫోన్ చేసి ప్లాన్ పెంచుకోవడం, లేదా నాలుగు యాంటెన్నాల కొత్త రౌటర్ కొనడం. రెండూ డబ్బుతో పనే. చాలా ఇళ్లలో రెండూ అక్కర్లేదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో వెనక గదికి పది కూడా చేరడం లేదనుకోండి. ప్లాన్‌ను 200 చేసినా ఆ గదికి చేరేది ఆ పదే. అడ్డం గోడ దగ్గరుంటే డబ్బు తీసుకెళ్లి లైన్ మీద పెట్టి ఏం లాభం?

అడ్డం ఎక్కడుందో ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. చేతిలో ఉన్న ఫోన్ చాలు. ఒక గంట ఓపిక, ఒక తెల్ల కాగితం, పెన్ను పెట్టుకోండి.

మన ఇళ్ల సంగతి ఒకటి ముందే చెప్పాలి. తిరుపతిలో కొర్లగుంట, బైరాగిపట్టెడ వైపు గానీ, చిత్తూరులో గ్రీమ్స్‌పేట వైపు గానీ స్థలం వెడల్పు తక్కువై పొడవు ఎక్కువగా ఉన్న ఇళ్లు చాలా కనిపిస్తాయి. గదులు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఇటుక గోడలు, పైన ఇనుప కమ్మీల స్లాబు, ఆ పైన ఇంకో పోర్షన్. విదేశీ వీడియోల్లో చూపించే చెక్క గోడల ఇళ్లకు పనికొచ్చే సలహాలు వీటికి సరిపోవు. అందుకే మన ఇంటిని మనమే కొలుచుకోవాలి.

ముందు తేల్చాల్సింది: లైన్‌లో లోపమా, వైఫైలోనా?

ఇది తేల్చకుండా ఏ గదిలో కొలిచినా ప్రయోజనం లేదు. గోడకు బిగించిన ఫైబర్ బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అని రాసిన లైట్ ఎర్రగా వెలుగుతోందా చూడండి. వెలుగుతుంటే బయటి నుంచి వచ్చే కాంతి బాక్స్‌కు అందడం లేదని అర్థం. ఇంట్లో మీరు చేయగలిగింది ఏమీ లేదు, నెట్ వాళ్లను పిలవండి.

లైట్ వెలగకపోతే ఇలా చేయండి.

1. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి. ఇది మరిచిపోతే కొలతలన్నీ వృథా, ఎందుకంటే వైఫై బలహీనపడగానే చాలా ఫోన్లు మనకు చెప్పకుండా సిమ్ డేటాకు మారిపోతాయి. వీపీఎన్ ఉంటే ఆపండి, బ్యాటరీ సేవర్ కూడా.

2. ఇంట్లో టీవీ, ల్యాప్‌టాప్, సీసీ కెమెరాలు నెట్ వాడకుండా కాసేపు ఆపి ఉంచండి.

3. రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో, మధ్యలో ఏ అడ్డం లేకుండా నిలబడి 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కనెక్ట్ అవండి (చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో వైఫై ఇస్తాయి). బ్రౌజర్‌లో ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి, లేదా ఊక్లా స్పీడ్‌టెస్ట్ యాప్ నడపండి. మూడుసార్లు చేసి మధ్య సంఖ్య తీసుకోండి.

ఇక్కడ మీ ప్లాన్‌కు దగ్గరగా వేగం వస్తే లైన్ బాగుంది, లోపం ఇంటి లోపలే. ఇక్కడే రాకపోతే ఇల్లంతా తిరగక్కర్లేదు. ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ స్లోగా ఉంది" అనకండి. "రౌటర్ పక్కన నిలబడి 5 గిగాహెర్ట్జ్‌లో కొలిస్తే ఇంతే వస్తోంది" అని చెప్పండి. అప్పుడు మాట నిలుస్తుంది. బాక్స్ సెట్టింగుల్లో ఆప్టికల్ పవర్ లేదా ఆర్ఎక్స్ పవర్ (బాక్స్‌కు చేరే కాంతి బలం) కనిపిస్తే అదీ చెప్పండి. సాధారణ జీపాన్ రకం ఫైబర్ బాక్స్‌లో అది -8, -27 డీబీఎంల (సిగ్నల్ బలాన్ని చెప్పే ప్రమాణం) మధ్య ఉండాలి. -27 కన్నా కిందికి, అంటే -28, -30కి పడిపోతే తీగ ఎక్కడో మడత పడిందో, జాయింట్ పాడైందో చూడాల్సింది వాళ్లే.

ఇంకో పరీక్ష కూడా ఉంది, నాకు స్పీడ్ టెస్ట్ కన్నా దీని మీదే నమ్మకం ఎక్కువ. ఫింగ్ అనే యాప్‌లో పింగ్ సాధనం ఉంటుంది. పింగ్ అంటే చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. దానితో ముందు మీ రౌటర్ చిరునామాకు పింగ్ చేయండి. సాధారణంగా అది 192.168.1.1 లేదా 192.168.0.1, కొన్ని కనెక్షన్లలో 192.168.29.1. మీ ఫోన్ వైఫై వివరాల్లో గేట్‌వే అన్నచోట అదే కనిపిస్తుంది. తర్వాత బయట ఉండే గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8కు పింగ్ చేయండి. రౌటర్‌కు పది మిల్లీసెకన్లలోపు వస్తూ, 8.8.8.8కు మాత్రం ఎగిరెగిరి పడుతుంటే లోపం బయట ఉంది. రౌటర్‌కే వంద, రెండొందలు చూపిస్తూ మధ్యలో ప్యాకెట్లు (పంపిన సందేశాలు) పోతుంటే లోపం మీ గదికీ రౌటర్‌కూ మధ్యనే. మధ్యలో ఒకటీ అరా ఎక్కువ సంఖ్య కనిపిస్తే కంగారు పడకండి, బ్యాటరీ ఆదా కోసం ఫోన్ కునుకు తీసినప్పుడు అలా వస్తుంది.

ఒకే ఒక్క సైట్ తెరుచుకోకపోతే అది వైఫై లోపం కాదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలయ్యే పూట దేశమంతా ఒకేసారి ఆ సైట్ మీద పడుతుంది. ఆ గంటలో మీ రౌటర్‌ను ఆపి ఆన్ చేయడం వల్ల క్యూలో మీ వంతు పోవడం తప్ప ఒరిగేది లేదు.

ఫోన్‌ను కొలత పరికరంగా మార్చుకోవడం

వైఫై గీతలను నమ్మకండి. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపించాలో ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. మనకు కావాల్సింది డీబీఎంలో సంఖ్య.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫైమ్యాన్ గానీ వైఫై అనలైజర్ గానీ వేసుకోండి. లొకేషన్ అనుమతి అడుగుతుంది, ఇవ్వాలి. చుట్టుపక్కల వైఫై పేర్లను బట్టి మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టవచ్చు కాబట్టి ఆండ్రాయిడ్ ఆ నియమం పెట్టింది. అనుమతి ఇచ్చినా, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో లేకపోతే జాబితా ఖాళీగా కనిపిస్తుంది. సంఖ్యలు కదలకుండా నిలిచిపోతే దానికీ కారణం ఉంది. ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌లు రెండు నిమిషాలకు నాలుగుసార్లే స్కాన్ చేయగలవు. ఆండ్రాయిడ్ 10, ఆ పై ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలకు వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అక్కడ వైఫై స్కాన్ థ్రాట్లింగ్ ఆపేయండి. పని అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మంచిది, లేకపోతే బ్యాటరీ తొందరగా అయిపోతుంది.

ఐఫోన్‌లో యాపిల్ వేరే యాప్‌లకు చుట్టుపక్కల వైఫైల వివరాలు ఇవ్వదు. కానీ యాపిల్ సొంత యాప్ ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కిందున్న వైఫై స్కానర్ ఆన్ చేయండి. తర్వాత యాప్ తెరిస్తే వైఫై స్కాన్ కనిపిస్తుంది. ఆర్ఎస్ఎస్ఐ అన్నదే మన సంఖ్య. మీ రౌటర్ యాపిల్‌ది కానక్కర్లేదు.

ఆ సంఖ్యను ఎలా చదవాలి

ఫోన్‌కు అందే వైఫై సిగ్నల్ డీబీఎం మైనస్‌లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. రౌటర్ పక్కన -30 నుంచి -40 దాకా వస్తుంది. -60 దాకా ఏ పనికీ ఇబ్బంది లేదు. వీడియో కాల్, ఆన్‌లైన్ క్లాసు తెగకుండా నడవాలంటే -67 కన్నా తగ్గకూడదు. -70 దాటి పడిపోతే పేజీలు తెరుచుకుంటాయి గానీ కాల్‌లో మాట ముక్కలవుతుంది. -80లో పేరు కనిపిస్తుంది, కనెక్ట్ అయినట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు.

ఒక లెక్క గుర్తుంచుకోండి. మూడు తగ్గితే బలం సగం, పది తగ్గితే పదో వంతు. -60కీ -70కీ తేడా పదే కదా అనిపిస్తుంది, కానీ అక్కడికి చేరే శక్తి పదింతలు తగ్గిపోయింది.

ఇల్లంతా తిరిగి కొలవడం

అసలు పని ఇదే. కాగితం మీద ఇంటి ప్లాన్ గీయండి, అందంగా ఉండక్కర్లేదు. గోడలు, తలుపులు, బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు ఎక్కడున్నాయో మాత్రం తప్పకుండా గుర్తు పెట్టండి. ఇనుము సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది. అద్దం వెనకున్న లోహపు పూత కూడా అంతే. నీళ్లు సిగ్నల్‌ను మింగేస్తాయి.

మీరు నిజంగా కూర్చునే చోట కొలవండి. గది మధ్యలో నిలబడి కొలిస్తే సుఖం లేదు. మంచం తలవైపు, చదువుకునే బల్ల, ల్యాప్‌టాప్ పెట్టే డైనింగ్ టేబుల్, మేడ మెట్ల మలుపు, ఇవీ కొలవాల్సిన చోట్లు. ఫోన్‌ను గుప్పిట్లో బిగించకుండా వేళ్ల చివర్లతో పట్టుకోండి, అరచేయి యాంటెన్నాను కప్పేస్తుంది. మన ఒళ్లు కూడా నీళ్లతో నిండినదే, మనమే అడ్డం పడితే కొన్ని డీబీఎంలు పోతాయి. కాబట్టి ఒకేచోట నాలుగు వైపులకూ తిరిగి, ప్రతి వైపూ పది పదిహేను సెకన్లు ఆగి, నాలుగింటి సగటు రాసుకోండి. 2.4 గిగాహెర్ట్జ్‌కు ఒకటి, 5కు ఒకటి, రెండు సంఖ్యలు రాయాలి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే రౌటర్ సెట్టింగుల్లో స్మార్ట్ కనెక్ట్ తాత్కాలికంగా ఆపి పేర్లు విడగొట్టండి.

కొర్లగుంటలో తెలిసినవాళ్ల ఇంట్లో ఇలాగే చేశాం. ముందు హాలు, దాని వెనక వంటిల్లు, ఆ వెనక పడకగది. వీధి స్తంభం నుంచి వచ్చిన తీగ ఎక్కడ లోపలికి దూరిందో అక్కడే, వీధి తలుపు పక్కన టీవీ షోకేసులో, కనెక్షన్ ఇచ్చినవాళ్లు బాక్స్, రౌటర్ రెండూ పెట్టేసి వెళ్లారు. ఆ ఇంటి అమ్మాయి బ్యాంకు పరీక్షల ఆన్‌లైన్ క్లాసులు వినేది వెనక గదిలో. "వంటింటి గడప దాటితే చాలన్నా, చక్రం తిరుగుతానే ఉంటాది" అన్నారు వాళ్లమ్మ. 5 గిగాహెర్ట్జ్‌లో సోఫా దగ్గర -46, వంటింటి గడప మీద -61. వంటింటి వెనక గోడకు ఇటువైపు -63. అదే గోడకు అటువైపు, పడకగదిలో, -79. ఒక్క గోడ పదహారు డీబీఎంలు తింటోంది. ఇటుక గోడ ఒక్కటే అంత తినదు. ఆ గోడకు ఆనించి ఫ్రిజ్ ఉంది, దాని పక్కనే స్టీలు గిన్నెల ర్యాకు. ఫ్రిజ్ లేని వైపు రెండడుగులు జరిగి కొలిస్తే అటువైపు -72 వచ్చింది. అంటే గోడది తొమ్మిది, ఫ్రిజ్‌ది ఏడు.

ఈ పద్ధతిని ప్రతి గోడ దగ్గరా చేయండి. ఇటు ఒక కొలత, అటు ఒక కొలత, తేడా ఎంతో కాగితంలో ఆ గోడ గీత మీదే రాయండి. తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి. స్లాబు కింద ఒకసారి, దానికి సరిగ్గా పైన మేడ మీద ఒకసారి. అరగంటలో మీ ఇంట్లో ఏది ఎంత అడ్డమో కాగితం మీద కనిపిస్తుంది. 5 గిగాహెర్ట్జ్ గోడల దగ్గర ఎక్కువ నష్టపోతుంది, 2.4 కాస్త నయం. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ అడ్డాలను దాటే గుణం పెరుగుతుంది.

సిగ్నల్ బాగుంది, వేగం లేదు

కొన్ని గదుల్లో -55 చూపిస్తూ కూడా నెట్ నత్తనడక నడుస్తుంది. అప్పుడు చూడాల్సింది లింక్ స్పీడ్, అంటే ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య కుదిరిన వేగం. ఫోన్‌లో కనెక్ట్ అయిన వైఫై పేరు పక్కన గుర్తు నొక్కితే కనిపిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకే యాంటెన్నా వాడే పాత ఫోన్‌కు మామూలు 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో గరిష్ఠం 72 ఎంబీపీఎస్. చేతికి వచ్చేది అందులో సగం, మహా అయితే అరవై శాతం. ఆ ఫోన్‌లో వంద రాలేదని నెట్ వాళ్లతో తగాదా పెట్టుకోవడం అన్యాయం. అదే గదిలో 5 గిగాహెర్ట్జ్‌కు మారితే వైఫై 5 తరం ఫోన్‌లో 433 గానీ 866 గానీ కనిపించాలి.

పక్కింటి వైఫైలతో తోపులాట

2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 చానళ్లున్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో లాడ్జీల మధ్య ఉన్న ఇంట్లో స్కాన్ చేసి చూడండి, యాప్‌లో గ్రాఫ్ అంతా కొండల మీద కొండలు. అలాంటి చోట ఏ చానల్ ఖాళీ అని వెతకకండి, ఖాళీ ఉండదు. 1, 6, 11లో ఏ చానల్ మీద పక్కవాళ్ల సిగ్నల్ బలహీనంగా ఉందో దాన్ని ఎంచుకోండి. 3, 4, 9 లాంటివి ఖాళీగా కనిపించినా పెట్టొద్దు. అటువాళ్లకూ ఇటువాళ్లకూ ఇద్దరికీ అడ్డం పడతారు, మీకూ లాభం ఉండదు. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. స్కాన్ రాత్రి ఎనిమిది తర్వాత చేయండి, అందరూ ఇంట్లో ఉండే వేళ.

మైక్రోవేవ్ ఒవెన్ కూడా ఈ బ్యాండ్‌లోనే, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. గ్లాసుడు నీళ్లు పెట్టి ఆన్ చేసి, 2.4లో రౌటర్‌కు పింగ్ నడపండి. ఒవెన్ తిరిగినంతసేపూ సంఖ్యలు పెరిగితే దొంగ దొరికినట్టే. తిరుపతి దగ్గర గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ మీద మాత్రం అనుమానం పెట్టుకోకండి. అది 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, వైఫై దరిదాపుల్లో కూడా లేదు.

5 గిగాహెర్ట్జ్‌లో ఇంత రద్దీ ఉండదు. చానల్ ఆటోలో ఉండి మధ్యమధ్యలో నెట్ ఉన్నట్టుండి తెగుతుంటే 36 లేదా 149 పెట్టి చూడండి.

నడుస్తూ చేసే పరీక్ష

ఇంట్లో రెండు రౌటర్లో, రౌటర్ సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే ఎక్స్‌టెండరో ఉన్నవాళ్లకే ఇది. యాప్‌లో బీఎస్ఎస్ఐడీ అని ఉంటుంది, ప్రతి పరికరానికి అది వేరు. వాట్సాప్ వీడియో కాల్ పెట్టుకుని కింది నుంచి మేడ మీదికి నడవండి. మేడ మీది రౌటర్ పక్కన నిలబడినా బీఎస్ఎస్ఐడీ కిందిదే చూపిస్తుంటే, ఫోన్ పాతదాన్ని పట్టుకుని వదలడం లేదు. కింది రౌటర్ 2.4 ట్రాన్స్‌మిట్ పవర్‌ను మీడియంకు తగ్గిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

ఇక మందు

మొదటి మందు రౌటర్‌ను జరపడం. కాగితం మీద గోడల నష్టాలు రాసుకున్నారు కాబట్టి ఎక్కడ పెడితే తక్కువ గోడలు అడ్డం వస్తాయో కనిపిస్తూనే ఉంటుంది. షోకేసు నుంచి, టీవీ వెనక నుంచి బయటికి తీయండి, మనిషి తల కన్నా ఎత్తులో పెట్టండి. మూసిన అలమారలో వద్దు, మే నెల ఎండల్లో ఊపిరాడక వేడెక్కుతుంది. యాంటెన్నాలు నిలువుగా ఉంటే సిగ్నల్ అదే అంతస్తులో పక్కలకు పరుచుకుంటుంది. మేడకు కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచి కొలిచి చూడండి.

ఫైబర్ తీగను మాత్రం మీరు లాగకండి, మడవకండి, లోపల ఉన్నది గాజు. బాక్స్‌ను ఉన్నచోటే వదిలి, దాని నుంచి ల్యాన్ కేబుల్ వేసి ఇంటి మధ్యలో రౌటర్ పెట్టండి. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మన ఇళ్లకు అంత అక్కరే రాదు. కొర్లగుంట ఇంట్లో చేసింది ఇదే. హాలు, వంటింటి మధ్య గుమ్మం పైన చిన్న అల్మారా చెక్క కొట్టి రౌటర్ అక్కడికి మార్చారు, ఫ్రిజ్‌ను పక్క గోడకు జరిపారు. చదువుకునే బల్ల మీద -81 ఉన్నది -65కు వచ్చింది. ప్లాన్ పాతదే, రౌటర్ పాతదే.

ఎక్స్‌టెండర్ కొనేవాళ్లు ఎక్కువగా దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. అక్కడ దానికి కూడా సిగ్నల్ అందదు కదా. రౌటర్ సిగ్నల్ -60, -67 మధ్య ఉన్న చోటు కాగితం మీద చూసి అక్కడ పెట్టండి. ఒకే బ్యాండ్‌లో తీసుకుని అదే బ్యాండ్‌లో పంపే చవక రకం అయితే వేగం సగానికి సగం పడిపోతుంది.

మేడ మీది పోర్షన్‌కు స్లాబు దాటించాలంటే కేబులే సరైన దారి. అటక మీద పడి ఉన్న పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చే పద్ధతి) పెట్టి వాడుకోవచ్చు. ఆ మోడ్ లేకపోతే దాని డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే ఏర్పాటు) ఆపి, చిరునామాను 192.168.1.2 లాంటి దానికి మార్చి, కేబుల్‌ను ల్యాన్ పోర్టులో గుచ్చండి, వ్యాన్ పోర్టులో వద్దు. మీ మొదటి రౌటర్ 192.168.29.1 అయితే రెండోది 192.168.29.2 కావాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కింది రౌటర్‌వే ఇవ్వండి, చానల్ మాత్రం వేరేది. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు ప్లాస్టరింగ్‌కు ముందే కరెంటు పైపుకు దూరంగా వేరే పైపు వేయించి, ప్రతి అంతస్తుకూ ఒక క్యాట్ 6 లాగించండి. మేస్త్రీకి చెప్పి హాలు మధ్య గోడలో, సన్‌షేడ్ ఎత్తున ఒక ప్లగ్ పాయింట్ కూడా పెట్టించండి. చాలా ఇళ్లలో రౌటర్ వీధి తలుపు పక్కనే ఉండిపోవడానికి కారణం సరైన చోట ప్లగ్ లేకపోవడమే.

ఏ మార్పు చేసినా ఒకసారికి ఒక్కటే చేయండి. చేశాక అవే చోట్ల, అదే ఫోన్‌తో, అదే వేళలో మళ్లీ కొలిచి, పాత సంఖ్య పక్కనే ఇంకో రంగు పెన్నుతో రాయండి.